ఊరి బయటికి పదిహేను

చీమకుర్తిలో రాత్రి పదింటికి
ఆఖరి రాళ్ల లారీ ఒంగోలు దోవ పట్టాక
దీవెన లెక్కల కాగితం తీస్తది.
క్వారీ డిస్పాచ్ స్లిప్పు వెనకవైపు
నిలువు గీతలు మూడు, దేశాలు నాలుగు.
ఎవరి పేరు ముందుంటే ఎన్ని మార్కులో
ఎన్నిసార్లు వేసినా తేలని కూడిక.

"కెనడాలో ముప్పై దాటినకాడ్నించి
ఏటా ఇన్నని తరిగిపోతాం రూబెన్,
చిల్లు పడ్డ బియ్యం బస్తా మాదిరి.
ఆస్ట్రేలియా నయం, ముప్పైమూడు నిండేదాకా కదలదు.
నిండిన రోజు తెల్లారేసరికి ఒకేసారి ఐదు పోతాయి."
తనకి ఆగస్టు పద్నాలుగుకి నిండుతాయి.

"జర్మనీ?"
"దోవ దగ్గరే. కాకపోతే
మోకాలిని నొప్పెక్కడని వాళ్ల భాషలో అడగాలి."
ఒంగోల్లో ఆరేళ్లుగా మోకాళ్లు వంచే పని తనది.
బిగుసుకుపోయిన ఎన్ని కాళ్లని
"ఇంకొక్కటి, ఇంకొక్కటే తాతా" అని బతిమాలి నడిపించిందో
ఆ మాటకి ఏ దేశపు పట్టికలోనూ గడి లేదు.

న్యూజిలాండ్ గడిలో ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

నాది వైరు రంపంతో కొండని కోసే పని.
వాళ్ల జాబితాలో రాయి చెక్కేవాడున్నాడు,
రాయి పరిచేవాడున్నాడు,
నన్ను మాత్రం ఎక్కడ నిలబెట్టాలో వాళ్లకీ తెలీలేదు.
పదకొండేళ్ల పనికి సర్టిఫికెట్ లేదు,
వినపడని ఎడమ చెవి ఉంది.
ఇంగ్లీషు పరీక్షలో హెడ్‌ఫోను కుడిచెవికి అదిమి పట్టుకున్నా,
ఐదున్నర వచ్చింది.

"అట్టయితే నువ్వే ముందు.
నేను నీ మీద ఆధారపడ్డోణ్ణి."
"ఫారంలో ఆ మాటే ఉంది" అంది నవ్వకుండా.
కాసేపాగి నవ్వింది.

పద్నాలుగో ప్రశ్న:
మిమ్మల్ని వేరే పేర్లతో ఎప్పుడైనా పిలిచారా?
బడి కాగితాల్లో రవణయ్య, చర్చిలో రూబెన్.
ఈ రెండూ రాశా.
చిన్నప్పుడు రెడ్ల వీధిలో పిలిచిన పేరు
రాయబోయి ఆపా.
ఇంటిపేరు, అసలు పేరు అని రెండే గడులు.
అది రెండిట్లో దేనికీ చెందదు.

"ఇదిగో ఇది చూడు" అంది అప్పుడు,
ఫోను నా వైపు తిప్పి.
పెద్ద నగరాలు వద్దు,
ఊరి బయట దూరంగా ఎక్కడో ఉంటామంటే
పదిహేను మార్కులు ఎక్కువ.

రెండుసార్లు చదివా.
మా నాయనా, ఆయన నాయనా
ఊరి బయటే పుట్టి, ఊరి బయటే నీళ్లు తోడుకుని,
ఊరి బయటే పూడ్చబడ్డారు.
ఒక్కడూ ఒక్క మార్కు వెయ్యలా.
తనదీ కనిగిరి దగ్గర అట్టాంటి పల్లెనే.
"ఎన్ని తరాలయి ఉంటది?
పదిహేనుతో గుణించు" అన్నా.

తను గుణించలా.
అరవై ఐదు కింద పదిహేను వేసి
గీత గీసి ఎనభై రాసింది.
గీత మాత్రం కొంచెం గట్టిగా గీసింది,
కాగితం అవతలికి పడింది.

తిప్పి చూశా.
బ్లాకు నంబరు నాలుగొందల పదిహేడు,
పొడవు, వెడల్పు, ఎత్తు,
చేరాల్సిన ఊరు జెనోవా.
ఆ రాయిని విడదీసింది నేనే, పోయిన మంగళవారం.
ఎన్ని కోట్లేళ్లదో, వయసుకి ఒక్క మార్కూ తగ్గలా.
నల్లగా ఉన్నందుకే దానికి రేటు.
ఎవరి వంటగదిలోనో పడుకుంటది, కలకాలం అక్కడే.
ఎందుకు పోతన్నావని దాన్నీ ఎవరూ అడగలా.

"పడుకో" అంది దీవెన, లైటు తీసేస్తా.
"పొద్దున ఒంగోల్లో ఫొటోలు దిగాలి.
తెల్ల గోడ ముందర కూర్చోవాలంట.
నవ్వకూడదంట.
రెండు చెవులూ కనపడాలంట."